కబడ్డీ ఆడే తమ్ముడికి భుజం మళ్ళీ జారింది. ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, సెలక్షన్స్ అయ్యాకా?

బొబ్బిలి_అక్క

నమస్తే అండీ. మా తమ్ముడికి 17 ఏళ్ళు, ఇంటర్ సెకండియర్. ఊళ్ళో సరదాగా మొదలుపెట్టిన కబడ్డీ ఇప్పుడు జిల్లా జట్టు దాకా వచ్చింది, లెఫ్ట్ కార్నర్ (ఎడమ చివర నిలబడి రైడర్‌ని పట్టేవాడు) ఆడతాడు. పోయినేడు సంక్రాంతి పోటీల్లో కుడి భుజం జారింది. గ్రౌండ్‌లోనే ఒక సీనియర్ చెయ్యి పట్టుకుని లాగితే టక్కుమని లోపలికి వెళ్ళిందట. మర్నాడు దగ్గర్లోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఏమీ విరగలేదని మూడు వారాలు జోలె వేసి పంపించారు. నొప్పి తగ్గింది, మళ్ళీ ఆడాడు, అందరం మర్చిపోయాం.

మొన్న ప్రాక్టీస్‌లో మళ్ళీ జారింది. ఈసారి గట్టిగా పడింది కూడా లేదు. చెయిన్‌లో (పక్కవాడి చెయ్యి పట్టుకుని నిలబడటం) ఉన్నప్పుడు రైడర్ వీళ్ళ చేతుల మీదుగా దూకాడు, పక్కవాడు పట్టు వదల్లేదు, అంతే. ఈసారి ఆసుపత్రిలో మత్తిచ్చి ఎక్కించారు. ఆర్థోపెడిక్ డాక్టర్ గారు ఎమ్మారై తీయించమన్నారు, లోపల చిరిగి ఉంటుంది, ఆపరేషన్ పడొచ్చు అన్నారు.

ఇంట్లో ఇప్పుడు తలో మాట. అండర్-19 స్టేట్ సెలక్షన్స్ దగ్గర పడ్డాయి, టేప్ వేసి ఆడించేద్దాం, ఆపరేషన్ ఎక్కడికి పోతుంది అని కోచ్ గారు. ఆట మానేస్తే గొడవే ఉండదు కదా అని నాన్న. పుత్తూరు కట్టు కట్టించమని మామ్మ. వాడేమో నాతో తప్ప ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు, స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం కొట్టాలని వాడి ఆశ. నేను హైదరాబాద్‌లో ఉంటాను, నా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తమ్ముడు రాడు, అదో టెన్షన్.

ఈ వయసులో ఆపరేషన్ లేకుండా వ్యాయామాలతో సరిపోతుందా? సెలక్షన్స్ ఆడనిస్తే ఏమవుతుంది? చేయించాక మళ్ళీ కబడ్డీ ఆడగలడా? తెలిసినవాళ్ళు, పిల్లలకి ఇలా అయినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_రైడర్

అక్కా, నాదీ కబడ్డీయే, నాదీ కుడి భుజమే. యూనివర్సిటీ ఆడే రోజుల్లో జారింది, తర్వాత కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) చేయించుకుని మళ్ళీ ఆడాను, కాబట్టి మీ మూడో ప్రశ్నకి నా జవాబు ఆడొచ్చు అనే.

కానీ మీరు అడగనిది ఒకటి చెప్తాను. ఒకసారి జారిన భుజంతో ఆడేవాడు సగం ఆటే ఆడతాడు. కార్నర్ వాడికి పని ఏంటి, రైడర్ బోనస్‌కి కాలు పెట్టగానే మడమ మీదకి వంగి రెండు చేతులతో పట్టడం. భుజం మీద నమ్మకం లేనివాడు ఆ ఒక్క క్షణం ఆగుతాడు. చెయ్యి ముందుకి వెళ్ళాల్సిన చోట ఒంటిని తోస్తాడు, యాంకిల్ హోల్డ్ వెయ్యాల్సింది డాష్ ఇస్తాడు. సెలక్టర్లు గుడ్డివాళ్ళు కాదు, రెండు రైడ్లు చూస్తే పట్టేస్తారు. టేప్ వేసి సెలక్షన్స్‌కి పంపితే ఎంపిక అవ్వకపోగా, వాడి గురించి ‘భయపడి ఆడతాడు’ అన్న మాట మిగులుతుంది. ఆ మాట గ్రౌండ్లలో చాలాకాలం తిరుగుతుంది అక్కా.

ఇంకోటి, చెయిన్‌లో పట్టుకునే పద్ధతి. వేళ్ళు వేళ్ళు పెనవేసి పట్టుకోకూడదు, లాగుడు వచ్చినా వదలడానికి రాదు. అరచేతిని పట్టుకోవాలి, రైడర్ మీదుగా వెళ్తున్నాడంటే వదిలెయ్యాలి. పాయింట్ పోతే పోయింది. ఇది నేర్పాల్సింది కోచ్ గారే, టేప్ కంటే ముందు.

ఆర్థో_పీజీ

ఆర్థోపెడిక్స్‌లో పీజీ చేస్తున్నాను. మనిషిని చూడకుండా చెప్పేది ఎంతైనా సగమే, అది గుర్తుపెట్టుకుని చదవండి.

చేతి ఎముక పైనుండే బంతి పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు లేనిది. ప్రమిద మీద బత్తాయి పెట్టినట్టు ఉంటుంది కీలు. గిన్నె అంచు చుట్టూ లాబ్రమ్ అని ఒక రింగు, దానికి అతుక్కుని లిగమెంట్లు, బంతిని పడిపోకుండా ఆపేది ముఖ్యంగా ఇవే. చెయ్యి పక్కకి ఎత్తి బయటికి తిరిగి ఉన్నప్పుడు ఎవరైనా వెనక్కి లాగితే బంతి ముందుకి, కిందకి జారుతుంది. భుజం జారినవాళ్ళలో నూటికి 95 మంది దాకా ఇలా ముందుకి జారినవాళ్ళే. చెయిన్ పట్టుకున్న కార్నర్ చెయ్యి ఎలా ఉంటుందో చూడండి, సరిగ్గా ఆ భంగిమే. జారే క్షణంలో ముందువైపు కింది అంచున లాబ్రమ్ ఎముక నుంచి ఊడి వచ్చేస్తుంది. దీన్ని బాంకార్ట్ గాయం అంటాం, 1923లోనే దీని గురించి రాసిన ఇంగ్లండ్ సర్జన్ పేరు అది. అదే ఊపులో బంతి వెనక భాగం గిన్నె అంచుకి కొట్టుకుని సొట్ట పడుతుంది, దాన్ని హిల్-సాక్స్ అంటాం.

ఇక వయసు సంగతి. చిన్నవాడు కదా త్వరగా అతుక్కుపోతుంది అనుకుంటారు అందరూ. ఎముక విరిగితే అది నిజమే. భుజం జారడంలో మాత్రం లెక్క తలకిందులు. 40 దాటినవాళ్ళకి మళ్ళీ జారడం తక్కువ, వాళ్ళకి కండరాల స్నాయువులు తెగే సమస్య వేరే ఉంటుంది. 20 లోపు పిల్లలకి, అందులోనూ ఒళ్ళూ ఒళ్ళూ తగిలే ఆటలు ఆడే మగపిల్లలకి మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువ. ఎడిన్‌బరోలో 15 నుంచి 35 ఏళ్ళవాళ్ళని మొదటిసారి జారిన దగ్గర్నుంచీ గమనిస్తే రెండేళ్ళలోనే సగానికి పైగా మందికి మళ్ళీ భుజం నిలవలేదు, అందులో చిన్న వయసు మగపిల్లల పరిస్థితి ఇంకా అధ్వానం. జోలె మూడు వారాలు కాకుండా ఇంకో మూడు వారాలు వేసుంటే బావుండేదేమో అని మాత్రం మీరెవరూ బాధపడకండి, జోలె రోజులు పెంచితే మళ్ళీ జారడం తగ్గుతుందని ఎవరూ తేల్చలేదు.

మీ తమ్ముడి విషయంలో నేనైతే ఒక చిన్న లెక్క వేస్తాను. 2007లో ఇద్దరు సర్జన్లు ఇచ్చిన స్కోరు ఇది, భుజం మళ్ళీ జారే ముప్పు లెక్కకట్టడానికి, మొత్తం 10 పాయింట్లు. వయసు 20 లోపు అయితే 2, పోటీల స్థాయిలో ఆడితే 2, కాంటాక్ట్ ఆట అయితే 1, కీళ్ళు సహజంగా వదులైతే 1, ఎక్స్‌రేలో బంతి వెనక సొట్ట కనిపిస్తే 2, గిన్నె అంచు అరిగి కనిపిస్తే 2. మీ తమ్ముణ్ణి ముట్టుకోకుండానే 5 వచ్చేశాయి చూడండి. స్కోరు 6 దాటితే కీహోల్‌లో లాబ్రమ్ కుట్టడం ఒక్కటే చాలకపోవచ్చని వాళ్ళ లెక్క, అలాంటప్పుడు పక్కనే ఉండే కొరకాయిడ్ అనే ఎముక కొనని కోసి గిన్నె ముందు అంచుకి స్క్రూలతో బిగిస్తారు, లటార్జే ఆపరేషన్ అంటే అదే. అందుకే ఎమ్మారై వాయిదా వేయొద్దు. ఎముక అరిగిందని అనుమానం వస్తే త్రీడీ సీటీ స్కాన్ కూడా రాస్తారు, అది అనవసర ఖర్చు అనుకోకండి. ఏ ఆపరేషన్ చెయ్యాలో తేల్చేది అదే.

మామ్మగారికి ఎలా చెప్పాలో మీకే బాగా తెలుసు. విరిగిన ఎముకని కదలకుండా కట్టడంలో అర్థం ఉంది. ఇక్కడ విరిగింది ఎముక కాదు, లోపలి అంచు ఊడింది, బయట ఎంత బిగించి కట్టినా అది తన చోటికి వచ్చి అతుక్కోదు. (హిప్పోక్రేట్స్ కాలంలో అయితే మాటిమాటికీ జారే భుజానికి చంకలో కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవాళ్ళు, లోపల మచ్చ కట్టి బిగుసుకుంటుందని. ఆ లెక్కన మామ్మగారు చాలా నయం.)

చివరిగా, ఆ సీనియర్‌కి కూడా చెప్పండి: గ్రౌండ్‌లో లాగొద్దు. టీనేజ్ పిల్లల్లో ఎముక పెరిగే చోటే విరిగి, చూడ్డానికి జారినట్టే ఉండొచ్చు. భుజం చుట్టూ తిరిగే యాక్సిలరీ నరం దెబ్బతింటే భుజం బయటి వైపు చర్మం మొద్దుబారుతుంది, లాగే ముందు అది చూసేవాళ్ళు ఉండరు. చెయ్యి ఏ భంగిమలో సుఖంగా ఉందో అలాగే తువ్వాలుతో ఒంటికి కట్టి, ఐస్ పెట్టి, తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వకుండా తీసుకెళ్ళాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కదా.

ఫ్రిస్కో_నాన్న

టెక్సస్ నుంచి. మా అబ్బాయి హైస్కూల్లో రెజ్లింగ్ చేస్తాడు, వాడికీ ఇదే అయింది, మీ రెండో ప్రశ్న మేమూ చాలా రోజులు నలిగిన ప్రశ్న. ఇక్కడ స్కూల్లోనే అథ్లెటిక్ ట్రైనర్ అని ఒకరు ఉంటారు, గాయమైతే ఆడించాలా వద్దా చెప్పే అధికారం కోచ్‌ది కాదు, వాళ్ళది. మన దగ్గర కోచే డాక్టరు, కోచే సెలక్టరు, ఆయన్ని తప్పు పట్టడం కాదు గానీ జట్టు గెలవాలన్న ఆత్రం ఉన్నవాడిని ఈ ప్రశ్న అడగకూడదు.

అమెరికాలో కాలేజీ స్థాయి కాంటాక్ట్ ఆటగాళ్ళు 45 మందిని సీజన్ మధ్యలో భుజం జారాక గమనించారు, 2014లో వచ్చింది ఆ పేపర్. 33 మంది అదే సీజన్‌లో తిరిగి ఆడారు. వినడానికి బావుంది కదా. మళ్ళీ జారకుండా సీజన్ పూర్తిచేసింది మాత్రం మొత్తం మీద 12 మందే. వాళ్ళకి రోజూ ఫిజియో ఉంటాడు, చెయ్యి ఒక ఎత్తు దాటకుండా ఆపే బ్రేస్ ఉంటుంది. మీ తమ్ముడికి ఉండేది ఒక టేపు.

మా సర్జన్ అన్నది ఒకటే: జారిన ప్రతిసారీ గిన్నె అంచు ఇంకాస్త అరుగుతుంది, ఈరోజు కీహోల్‌తో పోయేది రేపు పెద్ద ఆపరేషన్ అవుతుంది. ‘ఆపరేషన్ ఎక్కడికి పోతుంది’ అన్న కోచ్ గారి మాటకి నా జవాబు అదే.

వాలీబాల్_డాడీ

అందరూ కత్తి పట్టుకుని తయారైపోయారు, కాస్త ఆగండి. మా పాప వాలీబాల్ ఆడుతుంది, సర్వ్ చేస్తుంటే భుజం కదిలిపోయినట్టు అయ్యేది, ఒకచోట వెంటనే ఆపరేషన్ అన్నారు. ఇంకో డాక్టర్ గారు దాని బొటనవేలు వెనక్కి వంచి చూశారు, ముంజేతికి ఆనిపోయింది. మోచేతులు, మోకాళ్ళు కూడా వెనక్కి వంగుతాయి దానికి. పుట్టుకతోనే కీళ్ళు వదులు, దెబ్బ తగిలి ఊడింది కాదు, ముందు కొన్ని నెలలు భుజం, రెక్క ఎముక కండరాలు బలపడాలి అన్నారు. ఆపరేషన్ లేకుండానే ఆడుతోంది ఇప్పుడు. స్వీడన్‌లో కూడా భుజం జారినవాళ్ళని 25 ఏళ్ళ పాటు వెంటపడి చూస్తే, 25 ఏళ్ళ లోపువాళ్ళలో కూడా దాదాపు సగం మందికి మళ్ళీ జారనే లేదు లేదా కాలక్రమంలో దానంతటదే కుదురుకుంది. కాబట్టి చిన్నవాళ్ళు అనగానే అందరికీ ఆపరేషనే అనకండి.

ఆర్థో_పీజీ

సార్, మీ పాప విషయంలో ఆ డాక్టర్ గారు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనది, అలాంటి భుజాలకి తొందరపడి ఆపరేషన్ చేస్తే అంతగా నిలవదు కూడా. స్వీడన్ అధ్యయనం నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ సగంలో పడటానికి కబడ్డీ కార్నర్ మంచి అభ్యర్థి కాదు. దెబ్బకి ఊడి, మళ్ళీ చిన్న లాగుడుకే జారిన భుజం ఇది. ఆట మానేసి ఆఫీసు పని చేసుకునే కుర్రాడైతే ముందు ఫిజియోతో చూద్దాం అనేవాణ్ణి నేనూ.

బొబ్బిలి_అక్క

అందరికీ థాంక్స్ అండీ, ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. పాత_రైడర్ గారి పోస్టు దగ్గర మాత్రం ‘అవునక్కా, చెయ్యి వెయ్యడానికి భయమేస్తోంది’ అన్నాడు, ఇన్నాళ్ళూ ఆ మాట బయటికి రాలేదు.

ఎమ్మారై వచ్చింది. లాబ్రమ్ ముందు కింది భాగంలో ఊడింది, బంతి వెనక చిన్న సొట్ట ఉంది, గిన్నె ఎముక పెద్దగా అరగలేదు అని రాశారు. డాక్టర్ గారు సీటీ కూడా తీయించి అప్పుడు చెప్తానన్నారు, చాలావరకు కీహోల్‌లో అయిపోవచ్చట. ఖర్చు విషయంలో ఏం అడగాలి? ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళకి గ్రౌండ్‌కి వెళ్ళొచ్చు? శ్రేయస్ అయ్యర్ అయిదు నెలల్లో వచ్చేశాడు కదా అంటున్నాడు వీడు.

ఫిజియో_కూకట్‌పల్లి

ఆఖరి ప్రశ్న నాది. అయ్యర్‌కి 2021 మార్చిలో పుణేలో ఇంగ్లండ్ మీద వన్డేలో ఫీల్డింగ్ చేస్తూ ఎడమ భుజం పోయింది, ఏప్రిల్‌లో ఆపరేషన్, సెప్టెంబర్‌లో దుబాయ్ ఐపీఎల్‌కి వచ్చాడు, అదంతా నిజమే. కానీ ఆయన బ్యాటర్. బ్యాట్ పట్టుకున్నవాడి చెయ్యిని నలుగురు కలిసి లాగరు. పైగా రోజంతా వెంట ఉండి చేయించే ఫిజియోలు ఉంటారు. కబడ్డీకి ఆరు నెలలు అనుకోండి, లటార్జే అయితే సర్జన్ చెప్పే లెక్క వేరుగా ఉండొచ్చు.

మామూలుగా నడిచేది ఇలా: మొదటి మూడు నాలుగు వారాలు జోలె, వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మాత్రం కదుపుతూ ఉండాలి. తర్వాత మెల్లగా చెయ్యి ఎత్తించడం, అప్పుడు కూడా పక్కకి ఎత్తి బయటికి తిప్పే భంగిమ దగ్గరికి తొందరపడి తీసుకెళ్ళం, కుట్టిన చోట లాగేది అదే. రెండు మూడు నెలల మధ్య రబ్బరు ట్యూబ్ పట్టుకుని బలం పనులు, మోచెయ్యి ఒంటికి ఆనించి, చంకలో మడత పెట్టిన తువ్వాలు పెట్టుకుని చెయ్యిని బయటికి తిప్పడం. తువ్వాలు కింద పడిందంటే తప్పు చేస్తున్నట్టు. చూడ్డానికి ఏమీ లేదు, బరువులెత్తే కుర్రాళ్ళకి ఇది చేస్తుంటే నామోషీ, అందుకే ఎగ్గొడతారు.

కబడ్డీ పిల్లలతో నాకు అసలు గొడవ వచ్చేది దండాల దగ్గర. నొప్పి పోగానే వ్యాయామశాలకి వెళ్ళి దండాలు, డిప్స్ (రెండు కమ్మీల మధ్య చేతుల మీద ఒళ్ళు దించి లేపడం), బెంచ్ ప్రెస్ మొదలెట్టేస్తారు. డిప్స్‌లో ఒళ్ళు కిందకి దిగేకొద్దీ బంతి సరిగ్గా ముందుకే తోసుకొస్తుంది, అప్పుడే కుట్టిన అంచు మీద. బస్కీలు ఎన్నయినా తియ్యనివ్వండి, జోలె తీసేశాక పరుగు కూడా మొదలెట్టొచ్చు. డిప్స్ మాత్రం నేను ఆఖరికి గానీ ఒప్పుకోను. ఛాతీ ఒక్కటే పెంచి వీపు, రెక్క ఎముక చుట్టూ కండరాలు వదిలేసిన పిల్లలే మళ్ళీ నా దగ్గరికి వస్తుంటారు.

గ్రౌండ్‌కి పంపేది క్యాలెండర్ చూసి కాదు. చెయ్యి కదలిక రెండో చేతితో సమానంగా రావాలి, బలం కూడా దాదాపు సమానం కావాలి, చెయ్యి పక్కకి ఎత్తి వెనక్కి తిప్పినప్పుడు ముఖంలో భయం కనిపించకూడదు. ముందు ఒంటరిగా పట్టు ప్రాక్టీస్, తర్వాత సగం వేగంతో ఒక్క రైడర్, చెయిన్ అన్నిటికంటే చివర.

పాత_రైడర్

ఖర్చు గురించి నేను చెప్తా అక్కా. ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి, అందులో యాంకర్ల ధర విడిగా రాయమనండి. లాబ్రమ్‌ని ఎముకకి కుట్టేది ఆ చిన్న యాంకర్లతోనే, ఎన్ని వేస్తారు, ఏ కంపెనీవి, ఒక్కోటి ఎంత అని అడగండి, బిల్లు పెరిగేది అక్కడే. ఫిజియో ఖర్చు ఎస్టిమేట్‌లో ఉండదు, అది నెలల తరబడి అయ్యేది, ముందే పక్కన పెట్టుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం మీ ఇంటికి వర్తిస్తే, దాని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ఈ ఆపరేషన్ పేరు చెప్పి కవర్ అవుతుందో లేదో అడ్మిట్ అవ్వక ముందే కనుక్కోండి, అయ్యాక అడిగితే లాభం లేదు. విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఆర్థో విభాగం ఉంది, అక్కడ కూడా ఒకసారి చూపించి రెండో అభిప్రాయం తీసుకుంటే పోయేదేం లేదు.

తమ్ముడితో నాకు ఫోన్ చేయించండి, ప్రైవేట్ మెసేజ్‌లో నంబర్ పెడతాను. ఈ ఆరు నెలలు గ్రౌండ్ బయట కూర్చుని ఏం చెయ్యాలో తెలియకే చాలామంది ముందే దూకేస్తారు, ఆ సంగతి వాడితో మాట్లాడతాను.

బొబ్బిలి_అక్క

ఫోన్ చేయిస్తాను అన్నా, సాయంత్రం వాడు కాలేజీ నుంచి రాగానే. సెలక్షన్స్‌కి పంపడం లేదని నాన్న చేత కోచ్ గారికి చెప్పించాం. ఆయన కాస్త మొహం మాడ్చుకున్నారు గానీ, చెయిన్ పట్టు విషయం చెప్తే మాత్రం విన్నారట. సీటీ సోమవారం.